కంచు వినే బసవయ్య

బేగంబజార్‌లో రామ్‌చందర్ సేఠ్ గిన్నెల దుకాణానికి ఎవరైనా కొత్తగా వస్తే ముందు బసవయ్యను చూపించేవారు, కంచాలు ఆ తర్వాత. "చెవిటి మనిషి. గానీ కంచు మాత్రం వింటడు" అని సేఠ్ గొప్పగా చెప్పేవాడు. చార్మినార్ చూడటానికి వచ్చినవాళ్లు కూడా కొందరు ఆ దుకాణం దాకా నడిచి, ఆయన ఫోటో తీసుకుని పోయారట. ఆయన ఫోటోకు నవ్వేవాడు కాదు. పని ఆపేవాడూ కాదు.

ఆయన పని చూడటానికి చాలా చిన్నది. దుకాణం వెనక గదిలో గోనెపట్టా మీద కూర్చుంటాడు. ముందు కొత్త కంచు కంచాలు, గిన్నెలు, గ్లాసులు. ఎడమచేతి మూడు వేళ్ల కొసల మీద కంచాన్ని నిలబెట్టి, కుడిచేతి కణుపుతో ఒక్కసారి కొడతాడు. తల కొంచెం పక్కకు వంచుతాడు. మంచిదైతే కుడిపక్కన పెడతాడు, అది అమ్మకానికి. పగులుంటే ఎడమపక్కకు, అది మళ్లీ కొలిమికి. కంటికి కనపడని వెంట్రుకంత పగులు కొత్త కంచంలో ఉంటుంది. మెరుగు పెట్టాక అసలే తెలియదు. కొన్ని నెలలు వేడివేడి పప్పు పోసి తింటే అప్పుడు బయటపడుతుంది. కంచు కంచంలో తింటే ఆరోగ్యమని ఫోన్లలో అందరూ చెప్పడం మొదలుపెట్టాక ఈ బేరం మళ్లీ ఊపందుకుంది. ఆ వీధిలో ఆ పని తెలిసినవాడు మాత్రం ఈయన ఒక్కడే మిగిలాడు.

ఈ దుకాణానికి రాకముందు ఇరవయ్యారేళ్లు కార్వాన్‌లో ఒక రేకుల షెడ్డు కింద కంచు కొట్టాడు. ఎనిమిది మంది, ఎనిమిది సుత్తులు, పొద్దున నుంచి సాయంత్రం దాకా. చెవులు ఎట్లా పోయాయని నేను మొదటిసారి అడిగినప్పుడు ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తు. "ముందుగాల పిట్టల సప్పుడు పోయింది బిడ్డా. ఎన్క ఆడోళ్ల మాటలు పోయినయ్. ఆఖరుకు మొగోళ్లయి." మా చదువులో దీన్ని గీతలు గీసి, పేర్లు పెట్టి నాలుగేళ్లు నేర్పారు. వరస సరిగ్గా అదే. ఆయన ఒక్క గుక్కలో చెప్పేశాడు.

నా పేరు వేదశ్రీ. ఛత్రినాకలో మందుల దుకాణం పైన, మెట్లెక్కగానే ఉన్న చెవి మిషన్ల క్లినిక్‌లో పనిచేస్తాను. డాక్టరు గారు వారానికి రెండురోజులు వస్తారు. మిగతా రోజులు నేనూ, కంప్యూటరూ. ఈ కథ జరిగేనాటికి నాకు ఏదీ పట్టని స్థితి మొదలై చాలా నెలలైంది. ఎందుకని అడగకండి, చెప్పుకునేంత కారణం లేదు. ఎవరూ పోలేదు, ఎవరూ వదిలేయలేదు. లేచేదాన్ని, వండుకునేదాన్ని, వచ్చి పనిచేసేదాన్ని. ఎవరైనా నవ్వించే మాట చెబితే అది నవ్వే మాట అని తెలిసేది, నవ్వేదాన్ని. అంతే.

అయితే నా బతుకులో నేను చేసిన తెలివైన పని ఒకటుంది, అది బసవయ్య కోసం చేసిందే. చెవి మిషన్‌కు ఒక జబ్బు ఉంటుంది. తన శబ్దం తనకే తిరిగి వినపడితే కూతపెడుతుంది. అందుకని లోపల ఒక కాపలా పెడతారు. ఆగకుండా ఒకే స్వరం వస్తుంటే అది కూత అనుకుని నొక్కేస్తుంది. మామూలు మనుషులకు దానితో ఇబ్బంది లేదు, ఎందుకంటే మాటలు ఒకే స్వరంలో సాగవు. కంచు మోత సాగుతుంది. దొంగ అనుకుని ఇంటికొచ్చిన చుట్టాన్ని గెంటేసినట్టు ఆ కాపలా కంచు మోతను గెంటేసేది. కంపెనీ పుస్తకంలో చివరి పేజీలో, 'తెలిసిన పరిమితులు' అన్నచోట చిన్న అక్షరాల్లో ఈ ముక్క రాసి ఉంది: గంటలు, వాద్యాల ధ్వనుల్లో తేడా రావచ్చునని.

ఆరేళ్ల కింద బసవయ్య తుండుగుడ్డలో ఒక కంచుగిన్నె చుట్టుకుని మా క్లినిక్‌కు వచ్చాడు. మాటలు వినపడుతున్నాయి గానీ గిన్నె వినపడటం లేదన్నాడు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఆయన మిషన్లలో రెండో ప్రోగ్రాం ఒకటి తయారుచేశాను. మీట నొక్కితే కాపలా పక్కకు తప్పుకుంటుంది. ఆయన గిన్నె కొట్టాడు. తల వంచాడు. "ఆఁ, గిదే" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, అప్పట్లో నాకు అవన్నీ వచ్చేవి. ఆ సంగతి మా చుట్టాలందరికీ చెప్పాను. పెళ్లిళ్లలో కూడా చెప్పాను.

ఏడాదికోసారి మిషన్లు సరిచూడటానికి వచ్చేవాడు. "వినపడుతుందా బాపూ?" అనేదాన్ని. "వినపడుతుంది బిడ్డా" అనేవాడు. చెవులు వినపడనివాళ్లను అట్లా అడగకూడదని కాలేజీలో చెవినిల్లు కట్టుకుని చెప్పారు. ఏది అడిగినా అవుననడం వాళ్లకు అలవాటైపోతుంది. కాదంటే ఎదుటివాళ్లు మళ్లీ అరవాలి, వాళ్లు విసుక్కుంటే చూడాలి. అంతకన్నా తలూపడం తేలిక. నాకు తెలిసీ అట్లాగే అడిగేదాన్ని. బయట బెంచీ మీద ఇంకో నలుగురు ఉండేవాళ్లు.

ఈ ఏడాది జ్యేష్ఠంలో ఆయన వచ్చిన రోజు పొద్దున కంప్యూటర్ నన్ను ఒక ప్రశ్న అడిగింది. అప్‌డేట్ చేయమంటావా అని. వారం నుంచి అడుగుతోంది. అవునని నొక్కాను. చదవలేదు. చాయ్ తాగి వచ్చేసరికి కంప్యూటర్ తనంతట తాను ఆగి, మళ్లీ లేచి, బుద్ధిగా కూర్చుని ఉంది.

చెవి మిషన్లను కంప్యూటర్‌కు కలపడానికి మా దగ్గర అరచేయంత పెట్టె ఒకటి ఉంటుంది. మిషన్ల నుంచి సన్నటి వైర్లు పెట్టెలోకి, పెట్టె నుంచి ఒక కేబుల్ కంప్యూటర్‌లోకి. ఆ పెట్టె మాట కంప్యూటర్‌కు అర్థం కావాలంటే డ్రైవర్ అనే దుబాసీ ఉండాలి. పదకొండింటికి బసవయ్యను కూర్చోబెట్టి, మిషన్లు కలిపి, కొత్త లెక్కలు వాటిలోకి రాయడం మొదలుపెట్టాను. సగం రాశాక పెట్టె మీది దీపం ఆరిపోయింది. తెర మీద 'పరికరం కనపడలేదు' అని వచ్చింది. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. దీపం వెలగలేదు. మిషన్లు తీసి చూస్తే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎట్లా ఉన్నాయో అట్లా అయిపోయాయి. మాటలు వినిపిస్తాయి, కంచు ప్రోగ్రాం లేదు.

"బాపూ, కంచుది పోయింది" అని కాగితం మీద రాసి చూపించాను. ఆయన చదువుకుని నా ముఖంలోకి చూశాడు. "పోనీ తియ్యి బిడ్డా. మాటలు వినబడ్తున్నయ్ గద" అన్నాడు. పెద్దమనసు అనుకున్నాను.

కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి తీయగా చెప్పింది. ఆ పెట్టె పాతదట. కొత్త వర్షన్‌లో నడవదట. అది కూడా 'తెలిసిన పరిమితు'ల్లో రాసే ఉందట, చూసుకోలేదా మేడమ్ అంది. కొత్త పెట్టె సంగతి వచ్చే నెల చూద్దామన్నారు డాక్టరు గారు. ఇరవై రోజులు గడిచాయి. నేనేమీ చేయలేదు. తప్పు నాదేనని తెలుసు. తెలిసినా లోపల ఎక్కడా నొప్పి పుట్టలేదు. అన్నం తిన్నాను, పడుకున్నాను.

ఇరవై ఒకటో రోజు రామ్‌చందర్ సేఠ్ మెట్లెక్కి వచ్చాడు. సంచిలోంచి కంచాలు తీసి నా బల్ల మీద ఒకటొకటే పెట్టాడు. నాలుగు. ఒక్కోదానికి అంచు నుంచి నడుమ దాకా చీలిక. ఆయన వెనక గుమ్మం దగ్గర బసవయ్య, నేల చూపులు చూస్తూ.

"చూడు మేడమ్" అన్నాడు సేఠ్. "నా దుకాన్ల కంచం వాపస్ రాంగ ఎన్నడు చూడలె. గీ నెలల ఎనిమిది వచ్చినయ్, గివి నాలుగు తెచ్చిన. నీ తాన మిషన్ ఖరాబైందంట గద! ఆయనకు ఇనబడకపోతె నేనేం చెయ్యాలె? నాకు మస్తు మర్యాదనే ఆయనంటె. గానీ గిట్లయితే ఇంట్ల కూసోమని చెప్పుడే."

బసవయ్య ఇల్లు మా క్లినిక్‌కు రెండు వీధుల అవతల. భార్య సుశీలమ్మ పోయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. ఆమె పోయిన పన్నెండో రోజున పనికి వెళ్లి గోనెపట్టా మీద కూర్చున్నాడని, ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా ఇంట్లో ఉండలేదని సేఠే నాకు చెప్పాడు. ఆదివారం దుకాణం మూసి ఉంటే అరుగు మీద కూర్చుని వచ్చేవాడట. అటువంటి మనిషిని ఇంట్లో కూర్చోమంటే ఏమవుతుందో నాకు తెలుసు. "ఒక్క వారం ఆగండి" అని, బసవయ్య మిషన్లు నా దగ్గరే ఉంచుకున్నాను.

ముష్తాక్ భాయ్‌ను పిలిచాను. కార్వాన్‌లో ప్రింటర్లు, స్కానర్లు బాగుచేస్తాడు. కంపెనీలు ఎత్తిపారేసిన పాత డ్రైవర్లన్నీ సీడీల్లో దాచి, ఆ సీడీలను పెళ్లి ఆల్బమ్ సంచిలో పెట్టుకుని తిరుగుతాడు. వచ్చీ రాగానే కూర్చోకుండా తెర చూశాడు.

"అప్‌డేట్ ఎవరు నొక్కిండ్రు?"

"నేనే భాయ్."

"యా అల్లా" అన్నాడు. అంతకు మించి తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది, కనీసం కొంచెం.

ముందు కేబుల్ మార్చాడు. తర్వాత కంప్యూటర్ వెనకవైపు రంధ్రంలో పెట్టాడు, ముందువైపు వాటికి కరెంటు సరిగా అందదని. దీపం వెలగలేదు. పరికరాల పట్టీ తెరిస్తే మా పెట్టె పేరు పక్కన ఏదో తేడా ఉందని పసుపురంగు ముక్కోణం. పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లే మీట ఉంటుంది, అది బూడిదరంగులో పడుకుని ఉంది. "వెనక్కి పోయే దర్వాజా బంద్ చేసిండ్రు" అన్నాడు. కొత్త డ్రైవర్‌ను వేర్లతో సహా పీకేసి, సంచిలోంచి సీడీ తీసి పాతది ఎక్కించబోయాడు. ఎవరి సంతకమూ లేని డ్రైవర్‌ను నమ్మనంది కంప్యూటర్. సంతకం అడగకుండా ఉండేటట్టు దాన్ని మళ్లీ లేపాడు. దీపం వెలిగింది. నేను ఊపిరి వదిలేలోపే మళ్లీ ఆరిపోయింది.

"ఏమైంది భాయ్?"

"నెట్ల కెల్లి నయాది మల్ల తెచ్చుకున్నది. మనం బైటికి పంపితె కిటికీల కెల్లి దుంకింది." నెట్ వైరు పీకేశాడు. దీపం వెలిగింది, ఆగింది. ఇప్పుడు పెట్టె మాట్లాడుతోంది గానీ కొత్త సాఫ్ట్‌వేర్ దాని మాట వినటం లేదు. ముష్తాక్ భాయ్ నడుము పట్టుకుని లేచాడు. "గిది గిట్ల కాదమ్మా. రేపు నా ల్యాప్‌టాప్ తెస్త. పన్నెండేండ్ల సంది ఒక్కసారి గూడ నెట్‌కు పెట్టలె. దానికి బైటి దునియా తెల్వదు."

తెల్లారి తెచ్చాడు. ఇటుకంత బరువుంది. పాత డ్రైవర్, పాత సాఫ్ట్‌వేర్, మా పాత పెట్టె. దీపం ఆకుపచ్చగా వెలిగి గంటసేపు అట్లాగే ఉంది. 'బసవయ్య కంచు' అని పేరుపెట్టి నేను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచిన ఫైల్ తెరుచుకుంది. ఒక్కో అంకె పోల్చి చూసి మిషన్లలోకి రాశాను. ఆ తర్వాత మిషన్ నోటికి గొట్టం తగిలించి నా చెవుల్లో పెట్టుకుని, సేఠ్ దగ్గర అడిగి తెచ్చిన మంచి కంచాన్ని కొట్టాను. మోత సన్నగా, ఎక్కడా తెగకుండా చాలాసేపు సాగింది. పగిలినదాన్ని కొట్టాను. డబ్బుమని ఆగిపోయింది. మిషన్లు ఆరేళ్ల కింద ఎట్లా ఉన్నాయో అట్లా ఉన్నాయి. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ముష్తాక్ భాయ్ చాయ్ కూడా తాగకుండా, ల్యాప్‌టాప్ నాకే వదిలి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆ ల్యాప్‌టాప్, పెట్టె పట్టుకుని ఆటోలో బేగంబజార్ వెళ్లాను. వెనక గదిలో బసవయ్య చెవులకు మిషన్లు పెట్టి రెండో ప్రోగ్రాం నొక్కాను. సేఠ్ రెండు కంచాలు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. అందులో ఒకటి పగిలిందే. చీలిక కనపడకుండా తిప్పి పెట్టాడు.

బసవయ్య ఒకదాన్ని ఎత్తి మూడు వేళ్ల మీద నిలిపాడు. కొట్టాడు. తల వంచాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. కుడిపక్కన పెట్టాడు. రెండోది కొట్టాడు. అదీ కుడిపక్కనే.

సేఠ్ నా వైపు చూసి, "ఇంక మంచిగ గాలె మేడమ్" అని, బయట గిరాకీ పిలిస్తే ముందుకు వెళ్లిపోయాడు.

గోనెపట్టా పక్కన నేల మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. శబ్దం పెంచాను. మంచి కంచాన్ని నేనే కొట్టాను. గదంతా మోగింది. "వినపడుతుందా బాపూ?"

"వినపడుతుంది బిడ్డా."

ఇంకొంచెం పెంచాను. మళ్లీ అడిగాను. వినపడుతుందన్నాడు. అప్పుడు కాలేజీలో నేర్పినట్టు అడగాలని ఇన్నేళ్లకు బుద్ధి పుట్టింది. చేత్తో చూపించి చెప్పాను. "నేను కొడతాను. మోత ఉన్నంతసేపు చెయ్యి ఎత్తి పెట్టు. ఆగంగనే దించు." కొట్టాను. ఆయన చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. మళ్లీ కొట్టాను. లేవలేదు.

"ఆ కంప్యూటర్ మూసెయ్ బిడ్డా" అన్నాడు.

మూశాను.

"చెవుల్ల కంచు పోయి మూడేండ్లాయె. మిషన్ల తప్పు గాదు. నా చెవుల్లనే ఇగ లేదు అది."

"మరి నేను అడిగినప్పుడల్లా వినపడుతుందన్నావు కదా బాపూ?"

"నువ్వు గంత సంబురంగ పెట్టినవ్. లేదంటె నీ మొకం సూడబుద్ధిగాలె." ఎడమచెయ్యి నా ముందు చాపాడు. "గీ యేళ్లతోని వింటుంటి. మంచి కంచం కొడితే యేళ్ల కొసలల్ల జుమ్ముమని చానసేపు ఉంటది. పగుల్దైతే గప్పుడే ఆగుతది. తల ఊకనే వంచుతుంటి, అలవాటుకొద్ది. చెవులతోని వింటున్ననని అందరనుకున్నరు. అనుకోనీ అన్న."

"ఇప్పుడు?"

"షుగర్ బిడ్డా. పుష్యం సంది యేళ్లు మొద్దువారినయ్." బొటనవేలి పక్క వేలి కొస మీద తెల్లటి బొబ్బ ఉంది. చాయ్ గ్లాసు కాలితే లేచిందట. కాలుతున్నప్పుడు తెలియలేదట. "మిషన్ ఖరాబైందని సేఠ్ అంటే ఊకున్న. మిషన్ అయితే బాగైతది గద. నాలుగొద్దులు ఇంకా ఇక్కడ్నే కూసుందునని."

ఆ నాలుగు కంచాలు అమ్ముడుపోయినవి ఎప్పుడో నేను సేఠ్‌ను అడగనే లేదు. పగులు బయటపడటానికి నెలలు పడుతుంది. నా దగ్గర మిషన్లు చెడిపోయింది ఇరవై రోజుల కిందటే. లెక్క నా బల్ల మీదే ఉంది, నేను చూసుకోలేదు.

సేఠ్ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమాయె మేడమ్? మంచిగైందా?"

ఒక్క అబద్ధం చాలు. ఇంకో పార్టు రావాలి, రెండు నెలలు పడుతుంది అంటే ఆయన రెండు నెలలు ఆ గోనెపట్టా మీద కూర్చుంటాడు. "ఇంకా ఒక పార్టు..." అని మొదలుపెట్టాను.

బసవయ్య నా పెదవులు చూస్తున్నాడు. చేత్తో నన్ను ఆపాడు.

"మిషన్ మంచిగనే ఉంది సేఠ్. నా చేతులే పోయినయ్."

చెవులు పోయాయంటే అర్థమయ్యే మనిషికి చేతులేమిటో అర్థం కాలేదు. బసవయ్య నాకు చెప్పిందంతా మళ్లీ చెప్పాడు, గొంతు పెంచకుండా, ఎవరో పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు. సేఠ్ విన్నాడు.

"పుష్యం సంది?"

"ఊఁ."

"మరి గప్పటి సంది నువ్వు కుడిదిక్కు పెట్టినయన్నీ?"

"అందాజగ పెట్టిన సేఠ్."

సేఠ్ గోడకు పేర్చిన కంచాల దొంతరల వైపు చూశాడు. ఈ ఆరు నెలల్లో ఎన్ని ఇళ్లకు వెళ్లాయో, ఎన్ని పెళ్లిళ్లలో పెట్టారో లెక్కేసుకుంటున్నట్టుంది. కోప్పడలేదు. చివరికి కిందికి వంగి, ఆయనకు పెదవులు కనపడేటట్టు దగ్గరగా వచ్చి, "ఇంటికి పో బసవయ్యా. రేపటి సంది రాకు" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

బసవయ్య రెండుచేతులా నేల మీద ఆనించి లేచాడు. గోనెపట్టా దులిపాడు. మడిచి గోడవారన పెట్టాడు. నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వేం మనసుల పెట్టుకోకు బిడ్డా" అన్నాడు. ఆ చేతికి నా జుట్టు తెలిసిందో లేదో. దుకాణం ముందుభాగం దాటి వీధిలోకి నడిచాడు. అక్కడ ఎవరో నమస్తే పెడితే తలూపాడు.

నేను ఆ నేల మీదే కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. ఆయన మీద జాలి రావాలని ఎదురుచూశాను. నాలో ఏదీ కదలక చాలా నెలలైందని చెప్పాను కదా. అప్పుడు కదిలింది. గుండె తేలికైంది, ఊపిరి నిండుగా ఆడింది, కాళ్లలోకి బలం వచ్చింది. అదేమిటో గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. ఊరట. ఆ కంచాలు పగలడం నా అప్‌డేట్ వల్ల కాదు, తప్పు నాది కాదు. ఒక మనిషికి ఉన్న ఒక్క చోటూ పోతుంటే పక్కన కూర్చుని నేను సంతోషపడ్డాను.